చావులేని పొట్టేలు

మా అవ్వ హనుమక్కను నేను చూడలేదు. ఆమెను మట్టిలో పెట్టినప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్నాను. నన్ను కాపాడటానికే ఆమె పోయిందని చెబితే మా ఊళ్లో ఇప్పటికీ కొందరు మూతి తిప్పుతారు. దేవరతో పరాచికాలాడింది, దేవర పట్టుకుపోయినాడు అంటారు. తిప్పుకోనీ. మూతులు వాళ్లవి, అవ్వ నాది. అమ్మ చెప్పినదీ, తాత చివరికి నోరు విప్పి చెప్పినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది కుందుర్పికి పడమటగా, కన్నడ సీమకు కూతవేటు దూరంలో, బండల మధ్య ఇరుక్కున్న ఊరు. పేరు కరిబండపల్లి. వాన మా వైపు చుట్టపుచూపుగా వచ్చి చెంబెడు నీళ్లు చల్లి పోయేది. సేద్యాన్ని నమ్ముకుని బతకమంటే మా ఊరి ఎలుకలు కూడా ఒప్పుకునేవి కావు. మేము కురుబలం. గొర్రెలు కాయడం, ఆ గొర్రెల ఉన్నితో కంబళ్లు నేయడం, ఈ రెండే మాకు వచ్చిన పనులు. నలభై ఇళ్ల ఊళ్లో గుంత మగ్గం లేని ఇల్లు వెతికితే గానీ దొరికేది కాదు.

ఏడాదికి రెండుసార్లు గొర్రెలకు కత్తెర పడేది. ఆ ఉన్నిని మగవాళ్లు వింటితో ఏకేవారు, ఆడవాళ్లు రాట్నం మీద వడికేవారు. నూలును వీధి పొడవునా సాగదీసి కట్టి, చింతగింజల గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టేవారు. అలా నేసిన కంబళి మీద వాన పడితే నీళ్లు జారిపోవాలే తప్ప లోపలికి దిగకూడదు. తెల్లదొరల కాలంలో బళ్లారి దండుకు మా ఊరి కంబళ్లే పోయేవట. వాటిని దొరలు కప్పుకున్నారా, దొరల గుర్రాలకు కప్పారా అని అడిగితే, "ఎవురు కప్పుకుంటే ఏమి, రెండూ తన్నేటివే" అనేవాడు మా తాత లింగప్ప. ఆ తాత జీవితంలో వేసిన హాస్యం అదొక్కటే. మిగతా కాలమంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, తల వంచుకుని, నేస్తూ కూర్చున్నాడు.

తల ఎత్తవలసిన పనులన్నీ అవ్వే చేసేది. కంబదూరు పక్క పల్లెలో పుట్టి, పదమూడేళ్లకు ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. నోరు పెద్దది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత చెబుతారు గానీ, మా ఊరు మంచిదవడానికి అవ్వ నోరు సరిపోలేదు. సంతలో బేరమాడేది ఆమె, కొడుక్కు సంబంధం చూసింది ఆమె, ఇంటికి వచ్చిన ఉన్నిని పట్టి చూసేది కూడా ఆమే.

ఉన్నిని పట్టి చూడటం మా వైపు ఆడవాళ్ల పని, దానికో కట్టుబాటు ఉండేది. చచ్చిన గొర్రె ఉన్ని మగ్గం ఎక్కకూడదు. ఎవరైనా ఉన్ని బుట్ట తెచ్చి గడప ముందు దింపితే ఇంటి పెద్దామె వచ్చి "కదిలినాదా?" అని అడగాలి. కత్తెర పడేటప్పుడు గొర్రె కాళ్లు కొట్టుకున్నదా, బతికి ఉండగానే కత్తిరించారా అని దాని అర్థం. తెచ్చినవాడు బుట్ట మీద చెయ్యి పెట్టి "కదిలినాది" అనాలి. అప్పుడే బుట్ట గడప దాటేది. చిన్న ఇళ్లయినా పెద్ద ఇళ్లయినా, సొంత అన్నదమ్ములు తెచ్చినా, ఈ మాట అడగకుండా ఎవరూ ఉన్ని ముట్టుకునేవారు కారు.

చాలామందికి అది నోటి అలవాటు. అవ్వకు మాత్రం కాదు. ఆమె చిన్నప్పుడు, ఒక కరువు ఏడు, వాళ్లమ్మ ఆ మాట అడగకుండా ఒక బుట్ట ఉన్ని వడికింది. ఆమె మణికట్టు మీద ఒక పొక్కు లేచింది. నొప్పి లేదు, చీము లేదు. నడుమ బొగ్గు పెట్టినట్లు నల్లగా అయింది. చెయ్యి భుజం దాకా ఉబ్బింది, జ్వరం కమ్ముకుంది, వారం తిరగకుండానే ఆమెను పాతిపెట్టి వచ్చారు. గొర్రెలకు వచ్చే దొమ్మరోగం ఉన్నిలో నుంచి మనిషికి పాకుతుందని అవ్వకు ఏ డాక్టరూ చెప్పలేదు. వాళ్లమ్మ చెయ్యి చెప్పింది. ఆ నల్లపొక్కును తలచుకుంటే పెద్దయ్యాక కూడా తన మణికట్టు తడుముకునేదట.

డెబ్బై రెండు కరువులో మందలకు మందలు పడిపోయాయి. దొమ్మ తగిలిన గొర్రె పొద్దున మేసి మధ్యాహ్నానికి కూలేది, ముక్కులో నుంచి నల్లటి నెత్తురు కారేది. చచ్చినవాటినన్నీ ఊరికి తూర్పున ఎర్రదిన్నె మీద పూడ్చిపెట్టారు. అప్పుడు అవ్వ సొంత తమ్ముడే ఒక మూట ఉన్ని తెచ్చి గడప ముందు దింపాడు. "కదిలినాదా?" అని అడిగితే నవ్వేసి, "అదంతా యాడ చూస్తావులే అక్కా" అన్నాడు. అవ్వ ఆ మూటను కర్రతో వీధిలోకి తోసింది. తమ్ముడు ఆ తర్వాత ఆమె గడప తొక్కలేదు. ఆమె కూడా పిలవలేదు. ఆ రోజు నుంచి ఎర్రదిన్నె వైపు మా ఊరి మంద ఒక్కటి కూడా పోకుండా చూసింది. వాన చినుకు పడితే ఊరంతటికంటే ముందు ఆ దిన్నె మీదే గడ్డి మొలిచేది. ఆ గడ్డిని చూసి గొర్రెలు గింజుకునేవి.

మందలన్నిటినీ ఆపింది గానీ, ఒక్క జీవాన్ని ఆపడం ఆమె వల్ల కాలేదు. అది దేవర పొట్టేలు.

ఈ ఆచారం ఇంకే ఊళ్లోనూ ఉన్నట్టు నేను వినలేదు. మా బీరప్ప గుడికి నల్లటి పొట్టేలు పిల్లను ఒకదాన్ని వదిలేవారు. అది ఎక్కడైనా తిరగొచ్చు, ఎవరి చేలోనైనా మేయొచ్చు, దాన్ని అదిలించకూడదు, దాని మీద కట్టె ఎత్తకూడదు. దానికి జన్మలో కత్తెర పడదు. ముసలిదై పడుకుని ఇక లేవలేని రోజున, ఊపిరి ఉండగానే పెద్దలు దాని ఉన్ని కత్తిరిస్తారు. ఆ ఉన్నిని ఊళ్లో ఉన్న చూలాలు ఒకతె వడకాలి. కడుపుతో ఉన్న చేతి నూలైతే మందలు పెరుగుతాయని నమ్మకం. ఆ నూలుతో కంబళి నేసి, గుళ్లో పరచి, కొత్త పొట్టేలు పిల్లను దాని మీద నిలబెడతారు. అలా పాతదానిలోని జీవం ఉన్నిలోంచి కొత్తదానిలోకి పోతుందట. అందుకే దేవర పొట్టేలుకు చావు లేదని అనేవారు.

ఎనభై నాలుగులో మళ్లీ వానలు మొహం చాటేశాయి. మా నాయన జయరాముడు మిగతా కాపరులతో కలిసి మందను తోలుకుని తుంగభద్ర కాలువ కిందికి పోయాడు. ఇంట్లో తాత, అవ్వ, నన్ను మోస్తున్న మా అమ్మ తిప్పమ్మ మిగిలారు. ఆ ఏడు ఊళ్లో కడుపుతో ఉన్నది అమ్మ ఒక్కతే. చెళ్లకెర సంతకు మిల్లు రగ్గులు దిగడం మొదలై, రంగురంగుల పువ్వులున్న ఆ రగ్గుల పక్కన మా నల్ల కంబళ్లు అత్తగారి ముఖం వేసుకుని కూర్చునేవి. సంతకు పోయినవి పోయినట్టే తిరిగి వచ్చేవి.

అలాంటప్పుడు ఒక సాయంత్రం వాన జల్లు పడి పోయింది. ఎర్రదిన్నె మీద పచ్చ పొడసూపింది. దేవర పొట్టేలు అక్కడికి పోయి మేసింది. అవ్వ దూరం నుంచి చూసి గుడి పెద్ద గోవిందప్ప దగ్గరికి పోయి చెప్పింది. "దాన్ని ఆడ మేయనీయొద్దన్నా. ఆ మట్టిలో ఏముండాదో నీకు తెల్దా?" అంది. గోవిందప్ప చెడ్డవాడు కాదు. భయస్థుడు. భయస్థులు చేసే చెడు చెడ్డవాళ్లు కూడా చేయలేరు. "దేవర మేసే తావు మనం చెప్పేదా హనుమక్కా? పో, ఇంటికి పో" అన్నాడు.

ఒకరోజు తెల్లవారేటప్పటికి పొట్టేలు గుడి వెనక పడి ఉంది. కడుపు ఉబ్బింది. ముక్కు కింద మట్టి నల్లగా తడిసింది. అది ఎప్పుడు పడిందో ఎవరూ చూడలేదు. గోవిందప్ప నలుగురైదుగురు పెద్దలను పిలిపించాడు, అందులో మా తాత లింగప్ప కూడా ఉన్నాడు. కత్తెర పడకముందే దేవర పొట్టేలు చచ్చిందంటే ఊరికి దేవర లేనట్టే. వాన లేదు, బేరం లేదు, మందలు పరాయి సీమలో ఉన్నాయి, ఇప్పుడు దేవర కూడా లేడని ఊరికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? "చావలేదు. దీనికి చావు యాడుండాది? ఊపిరి ఉండాది, నేను చూసినా" అన్నాడు గోవిందప్ప. ఎవరూ కాదనలేదు. తాతను కాలు పట్టుకోమన్నారు. ఆయన పట్టుకున్నాడు. కత్తెర పని అయిపోగానే గుడి వెనకే గుంత తీసి దాన్ని పూడ్చేశారు. ఊళ్లోకి పోయి డొల్లు తెచ్చారు.

డొల్లు మోగుతూ మా గడప ముందుకు వచ్చింది. బుట్టలో నల్లటి ఉన్ని, జన్మలో కత్తెర ఎరగనిది, మూర పొడవున నిగనిగలాడుతోంది. ఊరంతా వెనకే ఉంది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని బుట్ట అందుకోవడానికి ముందుకు వచ్చింది. ఆమెకు అదొక గౌరవం. అవ్వ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. వంగి ఒక పోగు పీకి చూసింది, వాసన చూసింది. పోగు చివర ఎండిన నెత్తురు గోటికి తగిలింది.

"కదిలినాదా?" అని అడిగింది.

డొల్లు ఆగిపోయింది. "దేవర బొచ్చుకు ఆ మాట అడగరాదు" అన్నాడు గోవిందప్ప.

"గడప ముందుకు ఏ బొచ్చు వచ్చినా అడుగుతా. మా అత్త నేర్పింది. కదిలినాదా?"

అవ్వ ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి తాత దగ్గర ఆగింది. "నువ్వు చెప్పప్పా. నువ్వు ఆడ ఉండినావు గదా. కదిలినాదా?"

ఆ ఒక్క మాట మీద అంతా ఆగి ఉంది. కాదంటే ఊరి ముందు దేవర చచ్చినట్టు, అబద్ధమాడిన పెద్దలందరూ రేపు తన ఇంటికి నీళ్లూ నిప్పూ ఆపినట్టు. అవునంటే కోడలి చేతికి ఆ ఉన్ని పోతుంది. తాత బుట్ట మీద చెయ్యి పెట్టాడు. నేల చూస్తూ "కదిలినాది" అన్నాడు.

పెళ్లైన ముప్పై ఏళ్లలో అవ్వ ఆయన్ను అలా ఎన్నడూ చూడలేదని అమ్మ చెప్పేది. చూసి చూసి, మెల్లగా నవ్వింది. 

"సరే. దేవర బొచ్చు చూలాలే వడకాల, అంతే గదా? ఇద్దరు చూలాండ్లు ఉంటే పెద్దామెకే ముందు హక్కు, అదీ అంతే గదా?" అంది అవ్వ. "అట్లయితే ఇట్లియ్యండి. నేనూ కడుపుతోనే ఉండా."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వీధంతా పాకింది. కోడలు కడుపుతో ఉన్న ఇంట్లో అత్త కడుపుతో ఉన్నానని చెప్పుకోవడం కంటే సిగ్గుచేటు మా వైపు ఇంకోటి లేదు. అవ్వ మాత్రం తలెత్తుకునే నిలబడింది. అబద్ధమాడినా అతికేటట్టుండాలంటారు. ఆ పొద్దు మా వీధిలో రెండు అబద్ధాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. రెండూ అతకలేదు. రెండింటినీ కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

"ఏమి మాటలివి హనుమక్కా?" అన్నాడు గోవిందప్ప.

"ఏమన్నా, మీ పొట్టేలు కదిలినాది అంటే నేను నమ్మినా గదా. నా కడుపులో కదుల్తాండాది అంటే మీరు నమ్మరా?"

గోవిందప్ప తాత వైపు తిరిగాడు. "లింగప్పా, నిజమేనా?"

"నిజమే" అన్నాడు తాత. ఒక పొద్దున రెండో అబద్ధం. మొదటిది ప్రాణం తీసేది, రెండోది ప్రాణం కాపాడేది. రెండింటికీ ఆయన గొంతు ఒకే తీరున పలికిందట. అవ్వ బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

ఉన్నిని మార్చేసి వేరే ఉన్ని వడికి ఇవ్వొచ్చు గదా అని నేను అమ్మను చాలాసార్లు అడిగాను. ఎట్లా మారుస్తుంది? అంత పొడుగు ఉన్ని ఊళ్లో మరే గొర్రెకూ లేదు. గోవిందప్ప మనుషులు రోజూ వచ్చి దూరం నుంచి చూసిపోయేవారు. కాల్చేస్తే ఊరు ఆ ఇంటినే కాలుస్తుంది. ఉడకబెట్టడానికి లేదు, దేవర ఉన్నికి నీళ్లు తగలరాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. వడికేది మధ్యలో ఆగితే, మిగిలిన ఉన్ని తర్వాతి చూలాలికి పోతుంది. అవ్వ ఎంత మిగిలిస్తే అంత అమ్మ చేతికి వస్తుందన్నమాట.

ఆ మధ్యాహ్నమే అవ్వ అమ్మను పుట్టింటికి పొమ్మంది. అమ్మకు సిగ్గుతో, కోపంతో కళ్లు కనపడలేదు. నీళ్లకు పోతే నవ్వు, వంటచెరుకుకు పోతే నవ్వు. "నీకు సిగ్గు లేదా అత్తా? నా కడుపుకు పోటీ వస్తివే" అని అరిచింది.

"లేదు. సిగ్గుంటే ఈ ఇంట్లో ఎట్లా బతుకుతా? మూట కట్టుకో."

"నా పని నేను చేసుకుంటా. ఆ బొచ్చు నాకియ్యి."

"దగ్గరికి వస్తే కాలు ఇరగ్గొడతా" అంది అవ్వ. కారణం చెప్పలేదు. చెబితే అమ్మ పోయేది కాదు. మొండితనంలో అత్తకు తీసిపోయే కోడలు కాదు మా అమ్మ. వాళ్లన్న వచ్చి బండిలో కంబదూరు తీసుకుపోయాడు. బండి కదిలేటప్పుడు అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చూడకపోవడం ఆమెను ముసలితనం దాకా తిన్నది.

అవ్వ ఊరవతల పాడుబడిన కొట్టంలోకి రాట్నం మార్చింది. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంది, చేతులకు వేపనూనె రాసుకుంది, తానే ఏకి తానే వడికింది. కొట్టానికి ముందు ఒక బండ ఉంటే తాత సంగటి గిన్నె దాని మీద పెట్టి వెనక్కి జరిగేవాడు. అక్కడే కూర్చుని రాట్నం చప్పుడు వింటూ ఉండేవాడు.

"నేనూ కొంచెం ఏకుతా" అన్నాడు ఒకరోజు.

"రావద్దు. కదిలినాది అంటివి గదా. నువ్వు అన్నావు, నేను వడుకుతాండా" అంది. ఆ కొట్టంలో ఉన్నన్నాళ్లూ ఆమె ఆయనతో మాట్లాడింది అంతే.

ఆ రోజుల్లో ఊరు ఎలా ఉండేదో తాత చెబుతుంటే నాకు ఇప్పటికీ గుబులు పుడుతుంది. గాలి లేదు. మబ్బులు వచ్చి ఊరి మీద నిలబడేవి గానీ కురిసేవి కావు. గుడి వెనక పూడ్చిన చోట కుక్కలు తవ్వుతుంటే గోవిందప్ప రాళ్లు విసిరేవాడు, తర్వాత ఆ కుక్కల్లో ఒకటి కనిపించలేదు. వీధిలో నవ్వులు ఆగిపోయాయి. అవ్వ గురించి ఎవరూ అడిగేవారు కాదు, కానీ అందరూ రాట్నం చప్పుడు ఆగుతుందేమోనని చెవులు అటే పెట్టుకుని ఉండేవారు. పొట్టేలు ఎలా చచ్చిందో వాళ్లకు తెలుసు. ఆ సంగతి అవ్వకు తెలుసని కూడా తెలుసు. అంతా తెలిసి, ఊరు ఊరంతా తెలియనట్టు ఉండటం కష్టమైన పని. అంత కలిసికట్టుగా మా వాళ్లు మంచి పని ఒక్కటి కూడా చేయలేదు.

ఎప్పుడూ ఎడమ చేత్తో ఉన్ని లాగుతూ కుడిచేత్తో రాట్నం తిప్పే మనిషి, ఒక పొద్దున చేతులు మార్చింది. తాత గమనించాడు. ఎడమ మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. "ఏమైనాది?" అని కేకేస్తే, తల తిప్పకుండానే ముల్లు గుచ్చుకుంది అన్నట్టు పక్కన ఉన్న ముళ్లకంపను చూపించింది. తాత లేచి రెండడుగులు వేశాడు. అవ్వ ఏకే విల్లు ఎత్తి చూపింది. ఆయన ఆగిపోయాడు. ఆగకుండా ఉండాల్సింది అని నేను తాతతో అన్నాను కూడా, కొంచెం పెద్దయ్యాక. "అవునమ్మీ" అన్నాడు. ఆయన మీద నాకు కోపం ఉంది, జాలీ ఉంది. ఏది ఎక్కువో ఈనాటికీ తేలలేదు.

అప్పుడే పట్నం పోయి సూది వేయించుకుని ఉంటే ఆమె బతికేది. తర్వాత డాక్టరు చెప్పిన మాట అది. కానీ వడికే మనిషి పొలిమేర దాటకూడదు, దాటితే పని ఆగినట్టే. బుట్టలో ఇంకా ఉన్ని ఉంది. కంబదూరు ఎంత దూరం, ఒక బండి పంపితే తిప్పమ్మను తెచ్చేస్తారు. అవ్వ గుడ్డను ఇంకొంచెం బిగించి కట్టుకుని, ఆ ఉన్నిని చివరి పోగు దాకా వడికింది.

అది అయిపోయిన రోజు నూలు ఉండలన్నీ బుట్టలో పెట్టుకుని గుడి ముందుకు నడిచి వచ్చింది. నడక తూలుతోంది. ఎడమ చెయ్యి భుజం దాకా ఉబ్బి, రవిక చెయ్యి చిరిగిపోయింది. బుట్టను గోవిందప్ప కాళ్ల ముందు పెట్టి, మణికట్టు గుడ్డ విప్పింది. నల్లపొక్కు. చుట్టూ నీటి బుగ్గలు.

"కడుపుతో ఉన్నామె కనక మానదు గదా" అంది. "ఇదో, కనినా. తీసుకోండప్పా. ఎవురు నేస్తారో ముందుకు రాండి."

గోవిందప్ప వెనక్కి అడుగు వేశాడు. ఆయన వెనక ఉన్నవాళ్లు ఇంకొంచెం వెనక్కి జరిగారు. దేవర నూలు మధ్యలో ఉంది, దాని చుట్టూ ఖాళీ పెరుగుతూ పోయింది. తాత ఒక్కడే ముందుకు వచ్చి ఆమెను పట్టుకున్నాడు. బండి కట్టి, తర్వాత బస్సు పట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాడు. వాళ్లు చేయగలిగిందంతా చేశారు. ఆమెకు అప్పటికే ఊపిరి అందడం లేదు. పోయేముందు "తిప్పమ్మ ముట్టలేదు గదా?" అని అడిగింది. "లేదు" అన్నాడు తాత. ఆ ఒక్కసారి ఆయన ఆమెకు నిజం చెప్పాడు.

శవాన్ని ఊళ్లోకి రానివ్వలేదు. ఎర్రదిన్నె మీదే పెట్టమన్నారు. నూలు బుట్టను కూడా ఆమెతోపాటే పెట్టమన్నారు, దాన్ని ఇంకెవరు ముట్టుకుంటారు? అడుగున బండ తగలడంతో గుంత మోకాటి లోతుకు మించి దిగలేదు. ఇంకోచోట తవ్వుదామంటే తాతకు తోడు వచ్చినవాడు ఒక్కడూ లేడు. అమ్మ చూలాలు, శవాన్ని చూడరాదని ఆపేశారు. నేను కంబదూరులో పుట్టాను, అవయవాలన్నీ సరిగ్గా, గొంతు మాత్రం అవసరానికి మించి.

దేవరతో అబద్ధమాడినందుకే హనుమక్కకు ఆ చావు అని ఊరు తీర్పు చెప్పేసింది. ఎవరి అబద్ధం అని అడిగినవాడు లేడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. ఆ తర్వాత మా ఊళ్లో ఎవరు ఉన్ని తెచ్చినా "కదిలినాదా?" అని అడగడానికి ఆడవాళ్లకు నోరు రాలేదు. అడగకుండా ముట్టుకోవడానికి చెయ్యీ రాలేదు. ఒక్కో ఇంట్లో మగ్గం గుంతను పూడ్చి దాని మీద శనక్కాయ మూటలు పేర్చుకున్నారు. రగ్గుల దెబ్బకు మగ్గాలు పోయాయని బయటివాళ్లు అనుకుంటారు. అది కూడా నిజమే, సగం నిజం.

తాత మాత్రం రోజూ పొద్దున్నే కట్టె తీసుకుని ఎర్రదిన్నె మీదికి పోయి కూర్చునేవాడు. లోతు లేని గుంత అది. చినుకు పడితే మిగతా దిన్నె కంటే అక్కడే గడ్డి చిక్కగా లేచేది. గొర్రెలు దాని వైపు మెడలు సాచేవి, తాత అదిలించేవాడు. ఊరివాళ్లు పిచ్చి లింగప్ప అనడం మొదలుపెట్టారు. అమ్మ నన్ను చంకనేసుకుని ఆయనకు అక్కడికే సంగటి తీసుకుపోయేది.

ఎనభై తొమ్మిదిలో వానలు పడ్డాయి. గోవిందప్ప ముసలివాడయ్యాడు, పోయేలోగా దేవరను మళ్లీ నిలపాలని ఆయన పట్టుదల. పాత పొట్టేలు ఉన్ని కంబళి లేకపోయినా పర్వాలేదని, సంతలో కొన్న రగ్గు మీద నల్లటి పొట్టేలు పిల్లను నిలబెట్టారు. మళ్లీ డొల్లు మోగింది. పసుపు పూసిన ఆ పిల్ల గుళ్లోంచి బయటికి వచ్చి, ఎటు పోతుందో చూద్దామని ఊరంతా వెంట నడిస్తే, అది బండలు దాటి, చేలు దాటి, తిన్నగా ఎర్రదిన్నె ఎక్కింది. అవ్వను పెట్టిన చోట మోకాలెత్తు పచ్చిక ఉంది. దాంట్లో మూతి పెట్టబోయింది.

నేను అమ్మ చంకలో ఉన్నాను. నాకు బాగా గుర్తున్న మొదటి సంగతి అదే. తాత లేచి నిలబడ్డాడు.

"లింగప్పా, దేవర! కట్టె దించు!" అని గోవిందప్ప అరిచాడు.

తాత కట్టె ఎత్తి పొట్టేలు వీపు మీద కొట్టాడు. అది మే అని అరిచి, నాలుగు కాళ్లూ ఎగరేసి అవతల పడి లేచింది. డొల్లు ఆగిపోయింది.

"కదిలినాది" అన్నాడు తాత. మగ్గం గుంతలో ఒంగిపోయిన ఆ మెడ అప్పుడు నిటారుగా ఉంది. "చూసినారా? ఇది కదిలినాది. ఆ పొద్దు నేను పట్టుకున్న కాలు కదల్లేదు. కట్టె మాదిరి ఉండె. కదిలినాదని నేనే చెప్పినా. నేను చెప్తే మా హనుమక్క వడికినాది."

గోవిందప్ప నేల చూస్తూ నిలబడ్డాడు. అమ్మ ఏడుస్తూ నన్ను గట్టిగా అదుముకుంది.

పొట్టేలు పిల్ల కాసేపు దూరంగా నిలబడి మా అందరినీ చూసింది. తర్వాత తల వంచుకుని మళ్లీ ఆ పచ్చిక వైపే నడిచింది. తాత మళ్లీ కట్టె ఎత్తాడు.